ఎనిమిదో అధ్యాయం ఎవరి భద్రత కోసం?

(మందమర్రిలో సింగరేణి కార్మికులు, విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘భారత రాజకీయాల సంస్కరణ – జాతీయ భద్రత’. కరపత్రం చూసి ఒక తమ్ముడు అడిగిండు. అన్నా, ఇది ఢిల్లీలో రిటైరైన జనరళ్లు, మాజీ రాయబారులు మాట్లాడుకునే ముచ్చట గదా, మందమర్రికేం పని అని. పని ఉన్నది. సరిహద్దు మనకు దూరమే. కానీ ‘భద్రత’ అనే మాట మాత్రం మన ఇంటి గడప దాకా ఎన్నోసార్లు వచ్చింది. తుపాకీ పట్టుకొని వచ్చింది, వారెంటు పట్టుకొని వచ్చింది, ఒకసారి సీల్డ్ కవరులో కూడా వచ్చింది. అందుకే దేశ భద్రత గురించి మాట్లాడే హక్కు ఉత్తర తెలంగాణకు అందరికన్నా ఒక పాలు ఎక్కువే ఉన్నదని నేను అనుకుంటున్న.

పాత లెక్కలు కొన్ని గుర్తు చేస్త. 1969లో విద్యార్థులు ఒప్పందాలు అమలు చేయుమని రోడ్డెక్కితే, ప్రభుత్వం వాళ్లకిచ్చిన సమాధానం పీడీ యాక్టు. నాయకులను తీసుకపోయి రాజమండ్రి జైలులో పెట్టిండ్రు. కాల్పుల్లో 369 మంది పోయిండ్రన్నది ఉద్యమం చెప్పే లెక్క. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలోళ్లు, రైతులు దొరల గడీల ముందు తలెత్తి నిలబడితే, ఆ అక్టోబరులోనే రెండు తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతాలు’గా ప్రకటించిండ్రు. వెట్టి ఉన్నన్ని రోజులు అది ప్రశాంత ప్రాంతమే! వెట్టి చేయమన్న రోజున కల్లోలితమైంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి. భూమి పట్టాల కోసం సభ పెట్టుకుంటమని గోండులు వస్తే, ముందు ఇచ్చిన అనుమతిని రద్దు చేసి, ఆ సంగతి తెలియక వచ్చిన జనం మీద కాల్చిండ్రు. సర్కారు లెక్క 13 మంది. ఆ లెక్కను ఆదిలాబాద్‌ల ఎవ్వరూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మరు.

ఈ మూడింటిలో ఒక పోలిక చూడుండ్రి. మూడూ రాజకీయ ప్రశ్నలే. ఒకటి ఒప్పందం గురించి, ఒకటి వెట్టి గురించి, ఒకటి భూమి గురించి. మూడింటికీ రాజకీయ సమాధానం ఇవ్వడం చేతగాక, ఫైలును తీసి భద్రతా విభాగం బల్ల మీద వేసిండ్రు. ఈ పద్ధతి మారకుంటే రాజకీయాల సంస్కరణ లేదు, భద్రతా లేదు. నేను ఇయ్యాల చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

అన్నిట్ల పెద్ద సాక్ష్యం శ్రీకృష్ణ కమిటీ. 2009 డిసెంబర్ 9న రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించిండు. రెండు వారాలు తిరగక ముందే, డిసెంబర్ 23న, విస్తృత సంప్రదింపులని మాట మార్చిండ్రు. 2010 ఫిబ్రవరిలో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన అయిదుగురితో కమిటీ వేసిండ్రు. దాని సభ్య కార్యదర్శి వినోద్ దుగ్గల్, కేంద్ర హోంశాఖ మాజీ కార్యదర్శి. ఏడాది పొడుగునా జిల్లాలు తిరిగిండ్రు, వినతిపత్రాలు తీసుకున్నరు. మనోళ్లు కూడా లెక్కలు, జీవోలు, గిర్‌గ్లానీ నివేదిక అన్నీ మోసుకపోయి ముందట పెట్టిండ్రు. 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చిండ్రు, 2011 జనవరి 6న బయటపెట్టిండ్రు. నీళ్లు, చదువులు, కొలువులు, హైదరాబాద్, అన్నిటికీ అధ్యాయాలున్నయి. ఎనిమిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి శాంతిభద్రతలు, అంతర్గత భద్రత అని పేరు పెట్టి, కొద్ది మాటలతో ముగించి, అసలు సంగతి హోంశాఖకు సీల్డ్ కవరులో విడిగా ఇచ్చినమని రాసిండ్రు.

మన గురించి రాసిన అధ్యాయం మనకు తప్ప అందరికీ తెలుసన్నట్టు!

నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు పోయిండు. 2011 మార్చి 23న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి తీర్పు ఇచ్చిండు, ఆ అధ్యాయాన్ని బయటపెట్టుమని. ఆ తీర్పులో సీల్డ్ కవరు లోపలి సంగతులు కొన్ని బయటికొచ్చినయి. చదివినోళ్లకు గుండె మండింది. పాకిస్తాన్ గూఢచారుల గురించో, ఆయుధాల గురించో ఉంటదనుకుంటే, లోపలున్నది ఏంది? పత్రికలను, చానళ్లను ప్రకటనల ద్వారా దారికి తెచ్చుకునుడు ఎట్ల, అధికార పార్టీ నాయకులను ‘మేనేజ్’ చేసుడు ఎట్ల, ఉద్యమం లేస్తే బలగాలను ఎట్ల సిద్ధంగా పెట్టుకునుడు. ఇవీ సలహాలు. కేంద్రం అప్పీలుకు పోయింది.

ఇక్కడ ఒక పోలిక చెప్త, మీరే తూకం వేయుండ్రి. 1999లో కార్గిల్‌ల యుద్ధం జరిగింది. పరాయి సైన్యం మన కొండలెక్కి కూర్చుంటే మన నిఘా సంస్థలు ఏం చేసినయో తేల్చుమని కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేసిండ్రు. ఆ కమిటీ నివేదికను 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందట పెట్టిండ్రు. కొన్ని భాగాలు దాచిండ్రు, నిజమే. రక్షణ రహస్యాలు కొన్ని ఉంటయి, దాన్ని మనం కాదనం. కానీ నివేదిక బయటికొచ్చింది, పుస్తకంగా అచ్చయింది. దాని మీదనే మంత్రుల బృందం కూర్చున్నది, నిఘా వ్యవస్థలో మార్పులు మొదలైనయి. శత్రువుతో యుద్ధం గురించిన నివేదికను జనం చదువొచ్చు. సొంత జనం ధర్నాల గురించి రాసిన అధ్యాయాన్ని మాత్రం జనం చదువొద్దు. ఈ రెండింట్ల ఏది దేశ భద్రత, ఏది సర్కారు భద్రత?

భద్రత అంటే ఏందో సింగరేణి కార్మికునికి ఎవ్వరూ నేర్పనక్కరలేదు. గని దిగే ముందు మైనింగ్ సర్దార్ పని స్థలం చూస్తడు. కప్పు ఎట్లున్నది, గ్యాసు ఉన్నదా, గాలి సరిగ్గా ఆడుతున్నదా చూసి రాస్తడు. ఆయన ఒక్కడే కాదు. కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉంటరు, పిట్ సేఫ్టీ కమిటీలో కార్మికులు కూర్చుంటరు. కప్పు కూలుతదని తెలిసీ మేనేజర్ ఆ రాతను సీల్డ్ కవరులో పెట్టి హెడ్డాఫీసుకు పంపి, కిందున్నోళ్లకు చెప్పకుంటే ఏమైతది? కవరు భద్రంగానే ఉంటది, మనుషులే ఉండరు. ఈ నిబంధనలు యాజమాన్యాలు దయతలిచి ఇచ్చినయి కావు. ప్రాణాలు పోయినంక, కొట్లాటలు జరిగినంక వచ్చినయి. అవి కూడా అన్ని గనుల్ల సక్కగ అమలైతున్నయని నేను అంటలేను, అది మీకే ఎరుక. కానీ సూత్రం మంచిది. ఎవరి ప్రాణం మీదికి వస్తదో, ఆ మనిషికి తనిఖీల భాగం ఉండాలె. దేశ భద్రతా విధానానికి ఈ సూత్రం ఎందుకు పనికిరాదో ఏ జనరల్ సాబ్ కూడా నాకు చెప్పలేదు.

రాష్ట్రం వస్తే ఏమైతదని అప్పుడు మనల్ని బెదిరించిండ్రో గుర్తుంచుకోవాలె. తెలంగాణ వస్తే మావోయిస్టులు మళ్లా పెరుగుతరు, మతఛాందసం పెరుగుతది, హైదరాబాద్‌ల సెటిలర్ల ప్రాణాలకు రక్షణ ఉండదు అన్నరు. మావోయిస్టుల భయం, మతఛాందస భయం శ్రీకృష్ణ కమిటీ బయటపెట్టిన భాగంలోనే ఉన్నయి. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. చట్టంల సెక్షన్ 8 పెట్టి, ఉమ్మడి రాజధానిలో ప్రాణాలు, స్వేచ్ఛ, ఆస్తుల భద్రతకు గవర్నర్‌కు పదేండ్ల పాటు ప్రత్యేక బాధ్యత ఇచ్చిండ్రు. మనం ఎన్నుకున్న సర్కారును నమ్మని సెక్షన్ అది. దాన్ని గట్టిగా అమలు చేయుమని ఎప్పుడు అడిగిండ్రు? సెటిలర్ల మీద దాడులు జరిగినప్పుడు కాదు, దాడులు జరిగితే గదా! 2015లో ఓటుకు నోటు కేసు బయటపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆ సెక్షన్ పట్టుకున్నది. పదేండ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది.

మావోయిస్టుల మాట కూడా చెప్పుకోవాలె. ఉత్తర తెలంగాణ తల్లుల కడుపుకోత అది, ఊరికే దాటిపోలేం. 2004 అక్టోబరులో హైదరాబాద్‌ల చర్చలు జరిగినయి. ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఏండ్ల తరబడి అటువైపు, ఇటువైపు నచ్చచెప్పి తెచ్చిన చర్చలవి. నిలువలేదు. 2005లో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య జరిగింది, ఆ వెంటనే నిషేధం వచ్చింది. అటు ఎన్‌కౌంటర్లు, ఇటు హత్యలు. మరుసటేడు ప్రధాని మన్మోహన్ సింగ్ దేశ అంతర్గత భద్రతకు ఇదే అన్నిటికన్నా పెద్ద సవాలన్నడు. 2025లో కర్రెగుట్టల మీద ఆపరేషన్ చూసినం, ఆ మే నెలల పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోవుడు చూసినం, అక్టోబరులో పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పజెప్పుడు చూసినం. తుపాకీ పక్కకు పోయినంత మాత్రాన పోడు పట్టా చేతికి రాదు. ఆ పని చేయవలసింది సీఆర్పీఎఫ్ కాదు, రెవెన్యూ శాఖ, అసెంబ్లీ.

ఇక మన సొంత ఇంటి సంగతి. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తేనే న్యాయం. రాష్ట్రం వచ్చినంక ఈ రోగం పోయిందా? పోలేదు. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసు స్టేషన్‌ల ఒక కేసు. ఉపా చట్టం కింద 152 మంది పేర్లు. అందుల ప్రొఫెసర్ హరగోపాల్ సారు. తెలంగాణ ఉద్యమంల ఊరూరు తిరిగి పాఠాలు చెప్పిన మనిషి! 2020లనే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ పేరు కూడా అందుల ఉన్నది. చచ్చిపోయిన మనిషితో దేశానికి ఏం ప్రమాదమో! 2023 జూన్‌ల సంగతి బయటికొచ్చి నలుగురు నిలదీస్తే, అప్పుడు కేసు ఎత్తేస్తమన్నరు. ఏడాది పాటు ఆ కాగితం స్టేషన్‌లనే పండుకున్నది.

ఆ తర్వాత ఫోన్ ట్యాపింగ్. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి అంటే మావోయిస్టుల మీద నిఘా కోసం పెట్టిన విభాగం. ఆ యంత్రాలతో ప్రతిపక్ష నాయకుల, జర్నలిస్టుల, ఆఖరుకు న్యాయమూర్తుల ఫోన్లు కూడా విన్నరని ఆరోపణ. 2024 మార్చిలో అరెస్టులు మొదలైనయి. కేసు కోర్టుల్ల ఉన్నది కాబట్టి ఎవరు దోషులో నేను చెప్పను. కానీ ఒక ప్రశ్న అడిగే హక్కు మనకు ఉన్నది. ఇన్ని ఫోన్లు విన్నరనే ఆరోపణ వస్తే, ఆ విభాగం ఏం చేస్తున్నదో అడిగే అధికారం ఏ అసెంబ్లీ కమిటీకన్నా ఉన్నదా? లేదు. ఢిల్లీల ఇంటెలిజెన్స్ బ్యూరోకు కూడా పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. 2011లో మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టిండు, నిఘా సంస్థలను చట్టం కిందికి, పార్లమెంటు పర్యవేక్షణ కిందికి తేవాలని. అది చట్టం కాలేదు. ఏ పార్టీ అధికారంల ఉంటే ఆ పార్టీకి చట్టం లేని నిఘా ముద్దు. ప్రతిపక్షంలకు పోయినంకనే అందరికీ ప్రజాస్వామ్యం గుర్తొస్తది. నిన్నటి వాళ్లకూ ఇదే, ఇయ్యాటి వాళ్లకూ ఇదే.

‘అయితే టెర్రరిస్టులను వదిలేయమంటవా?’ అని అడిగేటోళ్లు ఉంటరు. వదిలేయమంటలేను, సక్కగ పట్టుకోమంటున్న. 2007 మే 18న మక్కా మసీదుల బాంబు పేలింది. హడావుడిగా పాతబస్తీ ముస్లిం పిల్లలను పట్టుకపోయిండ్రు, కొట్టిండ్రు. తర్వాత దర్యాప్తు ఇంకో దారి పట్టింది, ఈ పిల్లలకు సర్కారే పరిహారం ఇచ్చుకోవలసి వచ్చింది. 2018 ఏప్రిల్‌ల రెండో దారి నిందితులను కూడా కోర్టు విడిచిపెట్టింది. ఇప్పుడు చెప్పుండ్రి, బాంబు ఎవరు పెట్టినట్టు? 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు చూడుండ్రి, దర్యాప్తు గట్టిగ నిలబడ్డది. 2016ల శిక్షలు పడ్డయి, 2025ల హైకోర్టు కూడా వాటిని ఖాయం చేసింది. తేడా ఎక్కడున్నది? చట్టం కఠినంగా ఉండుట్ల కాదు, పోలీసు పని నాణ్యతల ఉన్నది. పోలీసులను నాయకుల చేతికింద నుంచి తప్పించుమని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసుల 2006ల చెప్పింది. కొత్త కఠిన చట్టాలైతే రోజుల మీద చేస్తరు. 2008 ముంబై దాడుల తర్వాత ఎన్ఐఏ చట్టం, ఉపా సవరణ మూడు నాలుగు రోజుల్లనే పార్లమెంటు దాటినయి. పోలీసు సంస్కరణకు మాత్రం ఇరవై ఏండ్లు చాలలేదు.

ఇంక బొగ్గు. ఇంధన భద్రత దేశ భద్రతల భాగమని ఇప్పుడు అందరూ అంటున్నరు. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు ఈ మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ గనులు నెల రోజులకు పైగా ఆగినయి. రామగుండం పొయ్యిలకు బొగ్గు తక్కువై కరెంటు కోతలు పెట్టిండ్రు. అప్పుడు మనల్ని ఏమన్నరు? దేశాన్ని చీకట్ల పెడుతున్నరన్నరు, ఎస్మా అన్నరు, పని లేదు జీతం లేదన్నరు. కార్మికుడు జీతం పోగొట్టుకున్నడు, పండుగ పూట ఇంట్ల ఎట్ల గడిచిందో మీ ఆడోళ్లకు తెలుసు. మంచిది. బొగ్గు అంత విలువైన భద్రతా వనరైతే, అదే బొగ్గును వేలంల ఎట్ల పెడుతరు? 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు మీరే సమ్మె చేసిండ్రు, నాలుగు బ్లాకుల వేలం ఆపుమని. అందుల కళ్యాణిఖని ఆరో బ్లాకు మీ ఊరి పేరు మీదున్నదే. సత్తుపల్లి, కోయగూడెం, శ్రావణపల్లి మిగతావి. శ్రావణపల్లిని 2024 జూన్‌ల హైదరాబాద్‌లనే సభ పెట్టి మళ్లా వేలం జాబితాల చేర్చిండ్రు. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సర్కారు కంపెనీ పక్కన ఉండంగ! కార్మికుడు ఆపితే దేశద్రోహం, సర్కారు అమ్మితే సంస్కరణ.

ఇవన్నీ అడగవలసినోడు ఎవరు? మనం ఓటేసిన ఎమ్మెల్యే, ఎంపీ. ఇక్కడనే రాజకీయాల సంస్కరణ ముచ్చట వస్తది. 2010ల ఇదే చెన్నూరు ఎమ్మెల్యే తెలంగాణ కోసం రాజీనామా చేసి, జూలైల మళ్లా జనం ముందటికి వచ్చి గెలిచిండు. పార్టీలను పక్కన పెట్టి చూడుండ్రి, అది పద్ధతి. మాట మారితే కుర్చీ విడిచి జనం దగ్గరికి రావాలె. రాష్ట్రం వచ్చినంక ఏం చూసినం? ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకునుడు. 2014 తర్వాత తెలుగుదేశం నుంచి, 2019 జూన్‌ల 12 మంది కాంగ్రెస్ నుంచి అప్పటి అధికార పార్టీలకు. 2024ల అదే పార్టీ నుంచి పది మంది ఎదురు దారిల. స్పీకర్ నిర్ణయం తీసుకోడు, కాలం గడుస్తది. 2025 జూలై 31న సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులనే మూడు నెలల్ల తేల్చుమని స్పీకర్‌కు చెప్పింది. ఈ పని స్పీకర్ల చేతిల ఉంచుడు సరైందేనా ఆలోచించుమని పార్లమెంటుకు కూడా చెప్పింది.

ఇది భద్రతకు సంబంధం లేని సంగతి అనుకోకుండ్రి. కాంట్రాక్టు కోసమో, కేసు భయానికో పార్టీ మారినోడు హోంశాఖ పద్దు మీద లేచి ప్రశ్న అడుగుతడా? సీల్డ్ కవరు తెరువుమంటడా? ఇంకో దిక్కు, విప్ పేరుతో నిజాయితీగ మాట్లాడేటోని నోరు కూడా మూస్తరు. 1985ల వచ్చిన ఫిరాయింపుల చట్టం అమ్ముడువోయేటోన్ని ఆపలేకపోయింది, మనస్సాక్షి ఉన్నోన్ని మాత్రం కట్టేసింది. ఆఖరుకు మన తెలంగాణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభల పాసైనప్పుడు కూడా టీవీ ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నరు. మన రాష్ట్రం పుట్టుకను కూడా మనం చూడలేదు.

ఢిల్లీ దాకా పోయినం, ఇప్పుడు మందమర్రికే వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం యాభై వేలకు పైగా మనుషులున్న పట్టణం ఇది. మున్సిపాలిటీ ఉన్నది, పన్నులున్నయి, కమిషనర్ ఉన్నడు. కౌన్సిలర్ మాత్రం లేడు. 2020 జనవరిల రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగితే మందమర్రిల జరగలేదు. మణుగూరు, పాల్వంచలదీ అప్పుడు ఇదే గతి. కారణం, షెడ్యూల్డ్ ప్రాంతం. 74వ సవరణ తెచ్చిన మున్సిపల్ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదని రాజ్యాంగం 243జడ్‌సీ అధికరణం చెప్తది. పార్లమెంటు చట్టం చేస్తే వర్తింపజేయవచ్చని కూడా అదే అధికరణం చెప్తది. పల్లెలకు 1996ల పెసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001ల రాజ్యసభల బిల్లు పెట్టిండ్రు. అది చట్టం కానే లేదు.

ఆదివాసీల హక్కులు పోకుండా, వాళ్ల భూమికి 1/70 రక్షణ తగ్గకుండా, వాళ్లకు తగిన సీట్లు ఉంచి ఈ చట్టం చేయవచ్చు. అట్లనే చేయాలె. అడ్డదారిల ప్రాంతాన్నే షెడ్యూల్ నుంచి తీసేస్తమనేటోళ్లు కూడా ఉన్నరు, వాళ్ల మాట నమ్మకుండ్రి. అది ఆదివాసీ భూమి మీద కన్నేసినోళ్ల మాట. మీరు అడగవలసింది పెద్దపల్లి ఎంపీని, ఈ ప్రాంత ఎమ్మెల్యేని. ఆ బిల్లును మళ్లా పెట్టుమని పార్లమెంటుల ఎన్నిసార్లు అడిగిండ్రో, ఏ తారీఖున అడిగిండ్రో రాసి ఇవ్వుమనుండ్రి. విద్యార్థి తమ్ముళ్లు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయుండ్రి, ఎన్నికలు లేనన్ని ఏండ్లల్ల ఈ మున్సిపాలిటీకి ఎంత పైసా వచ్చింది, ఎవరి సంతకంతో ఖర్చయింది అని. జవాబు వచ్చిన రోజు నాకు పంపుండ్రి, ఈ పత్రికల మొదటి పేజీల వేస్తం.

ప్రశ్నలుంటే ఇప్పుడే అడుగుండ్రి, సెకండ్ షిఫ్టుకు పోయేటోళ్లు ముందుగాల. జై తెలంగాణ.